ఎండిన నదికి నీటి పద్దు కట్టడం ఎలా? స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టే పరీవాహక మోడల్

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ హిందూపురం, పెనుకొండ, మదనపల్లె, పలమనేరు వైపు ఉన్న సొంత ఊళ్ళ బాగోగులు పట్టించుకునే తెలుగువారు చాలామంది ఒకే విషయాన్ని రకరకాల మాటల్లో అడుగుతున్నారు. మా చెరువు మరవ (అలుగు) పారి ఏళ్ళయింది, వంకలో చెక్‌డ్యాములు కట్టిస్తే బాగుపడుతుందా? పూడిక తీయిస్తే నీళ్ళు నిలుస్తాయా? ఊళ్ళో అందరూ డ్రిప్పు పెట్టుకుంటే బోర్లు బతుకుతాయా? డబ్బు ఖర్చు పెట్టకముందే వీటిని లెక్కగట్టి చూసుకునే దారి ఏదైనా ఉందా?

దారి ఉంది. దానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వాన నీరు ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది, ఎవరు వాడుకున్నారు, ఎంత ఆవిరైంది, హద్దు దాటి ఎంత పోయింది అన్న అయిదు ప్రశ్నలకు ఒకే పద్దులో జవాబు రాయగలిగితే అదే మోడల్. ఎండు ప్రాంతాల నదుల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకే నీటిని రెండుసార్లు జమ వేసుకోవడం. ఎగువ ఊరు తన చెక్‌డ్యాములో ఆపిన నీటిని లాభంగా రాసుకుంటుంది, దిగువ ఊరు అదే నీటిని తన చెరువుకు రావలసినదిగా రాసుకుంటుంది. కింది పద్ధతి అంతా ఈ రెండు రాతలనూ ఒకే పుస్తకంలోకి తేవడానికే.

ఉదాహరణకు ఉత్తర పినాకిని (పెన్నా) ఎగువ భాగాన్ని తీసుకుంటున్నాను. బెంగళూరుకు ఉత్తరాన నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వచ్చి, మళ్ళీ కర్ణాటకలో పావగడ తాలూకా నాగలమడికెను తాకి, పేరూరు దగ్గరి ఎగువ పెన్నా జలాశయం చేరే నది ఇది. పెన్నా మొత్తం పొడవు 597 కి.మీ., పరీవాహక ప్రాంతం 55,213 చ.కి.మీ.; అందులో కర్ణాటక వాటా 6,937 చ.కి.మీ. మాత్రమే అయినా నది మొదలయ్యేది ఆ భాగంలోనే. చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, బెంగళూరును ఆనుకొని ఉన్న అర్కావతి: వీటిలో దేనికైనా ఇవే దశలు పనికివస్తాయి.

కావలసినవి

- ఒక స్ప్రెడ్‌షీట్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ పటాల సాఫ్ట్‌వేర్.
- 30 మీటర్ల గళ్ళతో నేల ఎత్తులు చూపే పటం. అమెరికా వారి ఎస్‌ఆర్‌టీఎం అయినా సరే, ఇస్రో వెబ్‌సైటు భువన్‌లో దొరికే కార్టోడెమ్ అయినా సరే.
- కనీసం 15 ఏళ్ళ రోజువారీ వర్షపాతం. భారత వాతావరణ శాఖ గళ్ళ సమాచారం 1901 నుంచి, చిర్ప్స్ ఉపగ్రహ సమాచారం 1981 నుంచి ఉన్నాయి. కర్ణాటక వైపు ప్రాంతానికి బెంగళూరు యలహంకలోని రాష్ట్ర ప్రకృతి వైపరీత్య పర్యవేక్షణ కేంద్రం నడిపే వర్షమాపకాల లెక్కలు ఇంకా మేలు.
- కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజల శాఖల పరిశీలక బావుల నీటిమట్టాలు.
- నది మీద కేంద్ర జల సంఘం కొలత కేంద్రం ఉంటే దాని ప్రవాహ లెక్కలు. పెన్నా మీద నాగలమడికె, తాడిపత్రి అలాంటివి.
- చెరువుల జాబితా: అలుగు మట్టం, ఆయకట్టు, ఏ చెరువు మరవ ఏ చెరువులోకి పోతుంది అన్న గొలుసు.
- వ్యవసాయ విద్యుత్ ఫీడర్ల నెలవారీ యూనిట్లు. దొరకడం కష్టమే గాని, దొరికితే దీనికి సాటి వచ్చే సమాచారం మరొకటి లేదు.

కొలమానాలను ముందే ఖాయం చేసుకోండి. 1 చ.కి.మీ. మీద 1 మి.మీ. నీరంటే 1,000 ఘనపు మీటర్లు. 1 టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 1 ఎంసీఎఫ్‌టీ (పది లక్షల ఘనపుటడుగులు) అంటే సుమారు 28,317 ఘనపు మీటర్లు. 1 హెక్టారు మీటరు అంటే 10,000 ఘనపు మీటర్లు. నీటిపారుదల శాఖ కాగితాలు ఎంసీఎఫ్‌టీలోనూ, భూగర్భజల శాఖవి హెక్టారు మీటర్లలోనూ ఉంటాయి కాబట్టి, పద్దు మొత్తాన్ని ఘనపు మీటర్లలోకి మార్చి రాసుకోవడం క్షేమం.

దశ 1: ఒక ప్రశ్నను, ఒక చివరి బిందువును ఎంచుకోండి

"మా ప్రాంతపు నీటి పరిస్థితి" అన్నది మోడల్‌కు ప్రశ్న కాదు. "ఫలానా వంక మీద 40 చెక్‌డ్యాములు కడితే దిగువ చెరువు పదేళ్ళలో ఎన్నిసార్లు నిండుతుంది?" అన్నది ప్రశ్న. ప్రశ్న తేలితే చివరి బిందువు తేలుతుంది: ఆ చెరువు అలుగు, లేదా నది మీది కొలత కేంద్రం. చివరి బిందువు ఎప్పుడూ లబ్ధి పొందే ఊరికి కాక, నష్టపోయే అవకాశం ఉన్న ఊరికి దిగువన ఉండాలి. ఎగువ ఊరి దగ్గరే హద్దు గీసి ఆపేసిన మోడల్ ప్రతి కట్టడాన్నీ లాభసాటిగానే చూపిస్తుంది.

దశ 2: హద్దు గీయండి, బయటి నీటిని గుర్తించండి

ఎత్తుల పటంలో గుంతలను పూడ్చి, ప్రవాహ దిశను లెక్కించి, చివరి బిందువుకు ఎగువ ఉన్న ప్రాంతాన్ని క్యూజీఐఎస్‌తో విడదీయండి. బిందువును వంక మీద సరిగ్గా పెట్టకుండా పక్క గడిలో పెడితే వందల చ.కి.మీ. రావలసిన చోట అర చ.కి.మీ. వస్తుంది, ఇది అందరికీ ఎదురయ్యేదే. వచ్చిన విస్తీర్ణాన్ని కొలత కేంద్రం ప్రకటించిన విస్తీర్ణంతో పోల్చండి. తేడా 5 శాతానికి మించితే ముందుకు వెళ్ళవద్దు. చదునైన చెరువు ముంపు ప్రాంతాల్లో, రైలు కట్టల దగ్గర, కొత్త రహదారుల దగ్గర ఎత్తుల పటం వంకను తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి చోట్ల సర్వే ఆఫ్ ఇండియా పటంలోని వంకను చూసి చేత్తో సరిదిద్దాలి.

తరువాత, కొండ మీద పడిన వాన కాక హద్దులోకి వేరే నీరు ఏదైనా వస్తోందా అని చూడండి. ఎగువన, బెంగళూరు హెబ్బాళ–నాగవార లోయ నుంచి శుద్ధి చేసిన మురుగునీరు చిక్కబళ్ళాపురం జిల్లా చెరువులకు వెళుతోంది. కోరమంగల–చల్లఘట్ట లోయ నీరు కోలారు చెరువులకు వెళుతోంది. దిగువన, హంద్రీ–నీవా ద్వారా శ్రీశైలం జలాశయపు కృష్ణా నీరు అనంతపురం, సత్యసాయి జిల్లాలకు వస్తోంది. మీ హద్దులో పడిన చెరువుల్లో వీటిలో ఏది అందుతోందో జాబితా వేసి, ఆ నీటికి ప్రత్యేకమైన జమ వరుస పెట్టండి. ఆ వరుస లేని మోడల్, బయటి నుంచి వచ్చిన నీటిని చెక్‌డ్యాముల పుణ్యంగా లెక్కగడుతుంది.

దశ 3: వర్షాన్ని శుభ్రం చేయండి

వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. అంటే 15వ తేదీ కింద రాసిన వాన చాలావరకు 14వ తేదీ పగలు, రాత్రి పడినది. ఉపగ్రహ సమాచారపు రోజు వేరే గడియారాన్ని అనుసరిస్తుంది. రెండింటినీ సరిచూడకుండా కలిపితే ఒకే వాన రెండు రోజులకు చీలి కనిపిస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. వాతావరణ శాఖ గడి 0.25 డిగ్రీలు, అంటే సుమారు 27 కి.మీ. పొడవు, వెడల్పు. మన సీమలో ఒక ఊళ్ళో కుండపోతగా కురిసి పక్క ఊళ్ళో దుమ్ము లేచే వానలు మామూలు. గడి సగటు ఆ 80 మి.మీ. వానను 25 మి.మీ. వానగా చదును చేస్తుంది. మొత్తం ఏడాది వర్షం సరిగ్గానే ఉంటుంది గాని మోడల్‌లో వంక పారదు. అందువల్ల కనీసం రెండు, మూడు మండల వర్షమాపకాల లెక్కలతో పోల్చి, 50 మి.మీ. దాటిన రోజులు ఏడాదికి ఎన్ని అన్న సంఖ్య రెండింటిలోనూ దగ్గరగా ఉందో లేదో చూడండి. దగ్గరగా లేకపోతే గడి సమాచారాన్ని పక్కన పెట్టి, కొన్నేళ్ళకైనా మాపకాల లెక్కలనే వాడండి.

ఖాళీ గడులను సున్నాతో నింపవద్దు. వాన పడలేదనడం వేరు, ఎవరూ కొలవలేదనడం వేరు.

దశ 4: ఎంత పారిందో లెక్కించండి

ఇక్కడ తీరిక చేసుకొని పని చేయండి, ఎందుకంటే ఎండు పరీవాహకంలో మోడల్ నిలబడేదీ కూలిపోయేదీ ఈ దశలోనే. నెలవారీ వర్షాన్ని ఒక శాతంతో గుణించి ఊరుకోవద్దు. రోజువారీగా కర్వ్ నంబరు పద్ధతిని వాడండి. నేల రకం, భూవినియోగాన్ని బట్టి పట్టికలోంచి ఒక సంఖ్య తీసుకుంటారు. దాన్నుంచి నేల పట్టి ఉంచగల నీరు, అంటే ధారణ, వస్తుంది:

ధారణ (మి.మీ.) = 25,400 ÷ కర్వ్ నంబరు − 254

తొలినష్టం (వంక పారకముందే ఆకులు, గుంతలు, నేల పట్టుకునే నీరు) = 0.3 × ధారణ (నల్లరేగడి నేలలు తడిగా ఉన్నప్పుడు 0.1 × ధారణ)

పారుదల = (వర్షం − తొలినష్టం)² ÷ (వర్షం − తొలినష్టం + ధారణ)

వర్షం తొలినష్టం కంటే తక్కువైతే పారుదల సున్నా. ఈ షరతును సూత్రంలో తప్పనిసరిగా రాయాలి. లేకపోతే వర్గం చేసినందువల్ల చిన్న వానలకు కూడా నీరు పారినట్టు వస్తుంది.

ఎర్రనేల మీద కర్వ్ నంబరు 80 అనుకుందాం. ధారణ 63.5 మి.మీ., తొలినష్టం 19 మి.మీ. ఒకే రోజు 60 మి.మీ. కురిస్తే పారుదల 16 మి.మీ. అదే 60 మి.మీ. మూడు రోజులపాటు రోజుకు 20 మి.మీ. చొప్పున కురిస్తే, నేల తడిసిన ప్రభావాన్ని పక్కన పెట్టి చూస్తే, మూడు రోజులూ కలిపి 0.05 మి.మీ. కూడా రాదు. 100 చ.కి.మీ. వంకకు మొదటిది 16 లక్షల ఘనపు మీటర్లు, అంటే 56 ఎంసీఎఫ్‌టీకి పైమాటే. రెండోది లెక్కలోకి రాదు. నెలవారీ వర్షంతో చేసిన మోడల్‌కు ఈ రెండు నెలలూ ఒకటే. "వాన బాగానే పడింది, చెరువుకు చుక్క రాలేదు" అని ఊళ్ళో పెద్దలు అనేది ఈ తేడానే.

ముందు 5 రోజుల వర్షాన్ని బట్టి నేల పొడిగా, మధ్యస్థంగా, తడిగా ఉందని మూడు స్థితులు పెట్టి కర్వ్ నంబరును మార్చాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ సవరణ చాలా ముఖ్యం. అనంతపురం వైపు వానలు ఎక్కువగా పడే నెలలవి.

ప్రత్యామ్నాయం: దక్షిణాదిలో చెరువుల రూపకల్పనకు ఇంజినీర్లు తరతరాలుగా వాడుతున్న స్ట్రేంజ్ పట్టిక. అది పరీవాహకాన్ని మంచిది, మధ్యరకం, చెడ్డది అని విడదీసి, వర్షాన్ని బట్టి పారుదలను ఇస్తుంది. మీ లెక్కకు ఒక సరిచూపుగా ఇది ఎంతో పనికివస్తుంది. అయితే ఆ పట్టిక పంతొమ్మిదో శతాబ్దం చివరినాటిది. అప్పటికి బోర్లు లేవు, నీలగిరి (యూకలిప్టస్) తోటలు లేవు, పొలం పొలానికీ గట్లు లేవు. నేటి వంకలకు అది ఎక్కువ చూపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

దశ 5: చెరువులను ఎగువ నుంచి దిగువకు వరుసగా పేర్చండి

ఒక్కో చెరువుకు ఒక్కో షీటు పెట్టి, రోజువారీగా ఈ లెక్క రాయండి:

నేటి నిల్వ = నిన్నటి నిల్వ + వంక నీరు + ఎగువ చెరువు మరవ నీరు + చెరువు మీద పడిన వాన − ఆవిరి − ఇంకిన నీరు − తూము ద్వారా వదిలినది

ఇది సామర్థ్యాన్ని మించితే మించినంతా కింది చెరువుకు పోతుంది. చిన్న చెరువులు వందల్లో ఉంటే ఒక్కొక్కటీ రాయనక్కరలేదు; ఒకే వంక మీదివాటిని కలిపి ఒక పెద్ద చెరువుగా రాయవచ్చు. కాని వరుసగా ఉన్నవాటిని పక్కపక్క వంకల మీద ఉన్నవాటితో కలపవద్దు. వరుసలో ఉన్నవి నిండేది ఒకదాని తరువాత ఒకటి.

ఆవిరికి, పాన్ బాష్పీభవనాన్ని (వాతావరణ కేంద్రంలోని తెరిచిన తొట్టిలోంచి ఆవిరయ్యే నీటిని) 0.7తో గుణించి, ఆ రోజు నీరు పరచుకున్న విస్తీర్ణానికి వర్తింపజేయండి. ఇంకుడుకు భూగర్భజల అంచనా పద్ధతిలో రోజుకు 1.4 మి.మీ. అని ఉంది. కొత్తగా పూడిక తీసిన చెరువులో ఇంతకన్నా ఎక్కువ ఇంకుతుంది కాబట్టి, అక్కడ గేజి కర్ర పాతి వాన లేని వారాల్లో మట్టం తగ్గుదలను కొలిచి, అందులోంచి ఆవిరిని తీసివేసి తెలుసుకోవడం ఉత్తమం.

సామర్థ్యం దగ్గర జాగ్రత్త. రికార్డుల్లో ఉన్నది చెరువు కట్టిన నాటి సామర్థ్యం. నేడు అందులో పూడిక ఎంతో చాలా చోట్ల ఎవరూ కొలవలేదు. 2015 నుంచి అందుబాటులో ఉన్న సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో, చెరువు నిండుగా ఉన్న తేదీ నుంచి ఎండే తేదీ వరకు నీటి విస్తీర్ణాలను గీసి, మట్టాలతో జతపరచండి. రెండు మట్టాల మధ్య నిల్వకు: ఎత్తు ÷ 3 × (కింది విస్తీర్ణం + పై విస్తీర్ణం + ఆ రెండింటి లబ్ధానికి వర్గమూలం). కింద 20 హెక్టార్లు, పైన 32 హెక్టార్లు, మధ్య ఎత్తు 1 మీటరు అయితే 25.8 హెక్టారు మీటర్లు. ఉపగ్రహ చిత్రం గుర్రపుడెక్కను, సర్కారు తుమ్మ కింద దాగిన నీటిని పొలంగా చూపిస్తుంది. ఒక్కసారైనా చెరువు దగ్గరకు వెళ్ళి చూడక తప్పదు. శని, ఆదివారాల్లో ఊరికి వెళ్ళేవారికి ఇది పెద్ద పని కాదు.

దశ 6: భూమి లోపలి నిల్వ

సూత్రం చిన్నది: నిల్వ మార్పు = విస్తీర్ణం × నీటిమట్టం మార్పు × స్పెసిఫిక్ ఈల్డ్ (నేల లేదా రాతి మొత్తం పరిమాణంలో, బయటికి తీయగలిగే నీటి శాతం). ప్రమాదమంతా ఆ చివరి సంఖ్యలో ఉంది.

భూగర్భజల అంచనా కమిటీ 1997 పద్ధతి ప్రకారం, బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైటు, నైసు పొరలో స్పెసిఫిక్ ఈల్డ్ 3 శాతం. బంకమన్ను ఎక్కువైతే 1.5 శాతం, పగుళ్ళు తక్కువగా ఉన్న గట్టి రాతిలో 0.3 శాతం. కోలారు, చిక్కబళ్ళాపురం, అనంతపురం ప్రాంతాల్లో నీటిమట్టం చాలా చోట్ల ఆ శిథిల పొరను దాటి కింది రాతి పగుళ్ళలోకి దిగిపోయింది. అంటే 100 చ.కి.మీ.లో పై పొరలో 1 మీటరు పెరుగుదల 30 లక్షల ఘనపు మీటర్లైతే, కింది రాతిలో అంతే నీరు 10 మీటర్ల పెరుగుదలగా కనిపిస్తుంది. "ఒక్క వానకే బోర్లో 10 మీటర్లు పైకి వచ్చింది" అన్న వార్త సంతోషకరమే, కాని అది రెండు నెలల పంపింగుకు కూడా చాలకపోవచ్చు. కాబట్టి లోతును కనీసం రెండు పొరలుగా విడదీసి, ఒక్కో పొరకు ఒక్కో విలువ పెట్టండి. మొత్తానికి ఒకే 3 శాతం పెట్టడం నేను చూసిన మోడళ్ళన్నిటిలోనూ అత్యంత సాధారణమైన తప్పు, అత్యంత హానికరమైన తప్పు కూడా.

మట్టాన్ని కొలిచేటప్పుడు మోటారు నడుస్తున్న బోరును, ఇప్పుడే ఆపిన బోరును కొలవవద్దు. రాత్రంతా ఆగిన తరువాత తెల్లవారుజామున, పక్క బోర్లు కూడా ఆగి ఉన్నప్పుడు కొలవాలి. ప్రభుత్వ పరిశీలక బావుల లెక్కలను వాడేటప్పుడు, అవి తవ్విన బావులా, బోర్లా అని చూడండి. మట్టం అడుక్కి పడిపోయి బావి ఎండిపోతే ఆ ఏడాది లెక్క ఖాళీగా ఉంటుంది. ఖాళీలను వదిలి సగటు తీస్తే పరిస్థితి మెరుగుపడినట్టు కనిపిస్తుంది.

దశ 7: ఎవరు ఎంత తోడుతున్నారు?

బోర్ల సంఖ్యను కరెంటు గంటలతో, 365 రోజులతో గుణించడం సులభం, తప్పు కూడా. చాలా బోర్లు ఆగి ఆగి పోస్తాయి, కొన్ని ఎండిపోయి కూడా జాబితాలో ఉంటాయి. రెండు వేర్వేరు దారుల్లో లెక్క కట్టి పోల్చండి.

మొదటి దారి కరెంటు. 1 ఘనపు మీటరు నీటిని 100 మీటర్ల లోతు నుంచి, మోటారు, పంపు కలిసి 35 శాతం సామర్థ్యంతో ఎత్తడానికి సుమారు 0.78 యూనిట్లు పడుతుంది. అంటే ఒక యూనిట్‌కు 1.28 ఘనపు మీటర్లు. లోతు 200 మీటర్లైతే ఒక యూనిట్‌కు 0.64 మాత్రమే. ఫీడరు యూనిట్లలోంచి లైను నష్టాన్ని తీసివేసి, మిగిలినదాన్ని దీనితో గుణించండి. లోతు ఏటేటా పెరుగుతోంది కాబట్టి, యూనిట్లు పెరిగాయని నీరు ఎక్కువ తోడారని అనుకోవద్దు.

రెండో దారి పైరు. మల్బరీ, టమాటా, ద్రాక్ష, వరి ఎన్ని ఎకరాల్లో ఎన్ని నెలలున్నాయో చూసి, పైరు వాడే నీటిని లెక్కించి, దానిలో వాన ఇచ్చిన భాగాన్ని తీసివేయండి. ఉష్ణోగ్రతలు తప్ప మరేమీ దొరకకపోతే, వాటినుంచే పైరు ఆవిరిని అంచనా వేసే హార్‌గ్రీవ్స్ సూత్రం సరిపోతుంది.

రెండు దారుల్లో వచ్చిన అంకెలు మూడో వంతుకు మించి తేడా పడితే, సగటు తీసుకొని ముందుకు పోకుండా కారణం వెతకండి. చాలాసార్లు అది ఫీడరు హద్దు పరీవాహకం హద్దును దాటి ఉండటమే.

దశ 8: పద్దు ముగుస్తుందా?

ప్రతి నెలకూ ఒక వరుసలో ఈ లెక్క రాయండి: వాన + బయటి నీరు − ఆవిరి, పైర్లు, చెట్లు వాడినది − ఊళ్ళు వాడి హద్దు దాటించినది − చివరి బిందువు దాటిన ప్రవాహం − చెరువుల్లో, నేలలో, భూగర్భంలో నిల్వ మార్పు. జవాబు సున్నా రావాలి. రాకపోతే సూత్రంలో ఎక్కడో ఒక అంకె రెండుసార్లు పడింది, లేదా అసలే పడలేదు. తరచుగా జరిగేది: చెరువులో ఇంకిన నీటిని చెరువు ఖర్చులో రాసి భూగర్భ జమలో రాయకపోవడం, పొలంలో పెట్టిన నీటిలో తిరిగి ఇంకే భాగాన్ని మరిచిపోవడం.

ఒక హెచ్చరిక. మిగిలిన తేడానంతా "ఆవిరి" పేరుతో రాసేస్తే పద్దు ఎప్పుడూ ముగుస్తుంది, దేనికీ పనికిరాదు. ఆవిరిని విడిగా లెక్కించాలి. ఏడాది మొత్తాన్నైనా ఉపగ్రహ ఆధారిత అంచనాతో పోల్చి చూడాలి. పద్దును జూన్ 1న మొదలుపెట్టి మే 31న ముగిస్తే నేల పొడిగా ఉన్నప్పుడు లెక్క తెగుతుంది కాబట్టి నేల తేమ తికమక తగ్గుతుంది.

దశ 9: నిజంతో పోల్చండి

ప్రవాహాన్ని సరిచూడటానికి అందరూ నాష్–సట్‌క్లిఫ్ సంఖ్యను వాడతారు; 1 అంటే అచ్చంగా సరిపోయినట్టు, 0 అంటే సగటు చెప్పినంత మాత్రమే చెప్పినట్టు. మన వంకలకు ఇది ఒక్కటే చాలదు. ఒక్క పెద్ద వరద సరిపోతే చాలు, మిగిలిన పదేళ్ళు తప్పైనా సంఖ్య బాగానే వస్తుంది. దానితోపాటు ఈ మూడూ చూడండి: ఏడాదికి పారిన రోజులు ఎన్ని, ఏడాది మొత్తం ప్రవాహం ఎంత, పూర్తిగా ఎండిన ఏళ్ళు ఏవి.

సర్దుబాటుకు కొన్నేళ్ళు, పరీక్షకు కొన్నేళ్ళు విడదీసేటప్పుడు ముందు సగం, వెనుక సగం అని విడదీయవద్దు. తడి ఏళ్ళతో సర్దుబాటు చేసి ఎండు ఏళ్ళ మీద పరీక్షించండి. తరువాత తిరగేసి చేయండి. 2018, 2023 కరువులకూ, 2021 నవంబరు వానలకూ ఒకే కర్వ్ నంబరుతో దగ్గరగా జవాబు వస్తే మోడల్‌ను నమ్మవచ్చు. 1970ల నాటి ప్రవాహ లెక్కలు దొరికినా వాటితో నేటి మోడల్‌ను సర్దుబాటు చేయవద్దు, ఎందుకంటే అప్పటి నదికి భూమిలోంచి ఊట వచ్చేది.

కొలత కేంద్రమే లేకపోతే ఊరినే అడగండి. చెరువు మరవ పారిన ఏళ్ళు ఊళ్ళో అందరికీ గుర్తుంటాయి, ఎందుకంటే ఆ ఏళ్ళలో జాతర చేస్తారు, చేపల వేలం జరుగుతుంది, ఆయకట్టులో వరి పడుతుంది. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి ఏళ్ళను సరిపోల్చి, మోడల్ చెప్పిన ఏళ్ళ పక్కన పెట్టండి. పదేళ్ళలో ఎనిమిదింటికి అవునో కాదో సరిపోతే అది మంచి మోడల్. నీరుగట్టి పని (చెరువు నీటిని పొలాలకు పంచే పని) చేసినవారు ఊళ్ళో ఇంకా ఉంటే ముందు వారి దగ్గరకే వెళ్ళండి.

దశ 10: ఇప్పుడు ప్రశ్న అడగండి

*చెక్‌డ్యాములు.* 100 చెక్‌డ్యాములు, ఒక్కొక్కటి 5,000 ఘనపు మీటర్లు అనుకుంటే మొత్తం నిల్వ 5 లక్షలు. వంకలో 16 లక్షలు పారిన ఏడాది, అవి ఒక్కసారి నిండితే దిగువకు 11 లక్షలు పోతుంది. 6 లక్షలే పారిన ఏడాది దిగువకు మిగిలేది లక్ష. మధ్యలో ఇంకి ఖాళీ అయి రెండోసారి పట్టుకుంటే అదీ లేదు. అంటే నష్టం సమానంగా పంచుకోబడదు, అది కరువు ఏళ్ళలోనే దిగువ చెరువు మీద పడుతుంది. సగటు ఏడాదితో చేసిన లెక్కలో ఇది కనిపించదు. మొత్తం ఏళ్ళను వరుసగా నడిపి, దిగువ చెరువు నిండే ఏళ్ళ సంఖ్య కట్టడాలకు ముందు ఎంత, తరువాత ఎంత అని చూపించాలి. మద్రాసు, మైసూరు మధ్య 1892 ఒప్పందం ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్నిల పేర్లు చెప్పి, ఎగువన కొత్త జలాశయాలకు దిగువ ప్రభుత్వ సమ్మతి కావాలన్నది ఈ కారణం వల్లనే. పెద్ద జలాశయం ఒకటి చేసే పనే వందలాది చిన్న కట్టడాలు కలిసి చేయగలవు.

*డ్రిప్పు.* కాలువ పద్ధతిలో పైరుకు 600 మి.మీ. పెడితే 400 పైరు వాడుకొని 200 తిరిగి ఇంకుతుందనుకుందాం. డ్రిప్పులో 440 పెడితే 400 పైరు వాడుతుంది, 40 ఇంకుతుంది. బోరు దగ్గర 160 ఆదా అయింది, కరెంటు కూడా మిగిలింది. పరీవాహకానికి మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఖర్చు 400. ఆ మిగిలిన 160తో రైతు ఇంకో 36 శాతం పొలానికి నీళ్ళు పెడితే, ఖర్చు 400 నుంచి 545కు పెరుగుతుంది. కాబట్టి డ్రిప్పు వరుసలో విస్తీర్ణాన్ని స్థిరంగా ఉంచి ఒకసారి, పెరగనిచ్చి ఒకసారి, రెండుసార్లు నడపండి. వట్టి నేలలోంచి వృథాగా ఆవిరయ్యే నీరు ఉంటే డ్రిప్పు దాన్ని నిజంగా తగ్గిస్తుంది. ఆ భాగాన్ని విడిగా రాయండి.

*పూడికతీత.* సామర్థ్యాన్ని పెంచి నడిపి చూడండి. చెరువు ఇప్పటికే నిండకపోతే సామర్థ్యం పెరిగినా నిల్వ మారదు. లాభం ఇంకుడు పెరగడంలోనూ, పొలాలకు చేరే ఒండ్రులోనూ ఉంటుంది.

*నీలగిరి తోటలు.* కర్ణాటక 2017లో కొత్తగా నాటడాన్ని నిషేధించింది గాని పాత తోటలు ఉన్నాయి. వీటిని మామూలు పైరుగా కాక, లోతు పొరలోంచి ఏడాది పొడవునా నీరు తీసే చెట్లుగా రాయాలి. అర్కావతి ప్రవాహం తగ్గడానికి కారణాలు వెతికిన పరిశోధకులు వర్షం తగ్గడం కారణం కాదని తేల్చి, బోర్లనూ, నీలగిరినీ, వంకల మీది అడ్డుకట్టలనూ అనుమానించారు. మీ పరీవాహకంలో ఈ మూడింటి వాటాను విడివిడిగా తీసి చూడటానికి మోడల్ తగిన సాధనం.

ప్రతి ప్రశ్నకూ జవాబును ఒక్క అంకెగా చెప్పవద్దు. స్పెసిఫిక్ ఈల్డ్‌ను 1, 2, 3 శాతాలతో, కర్వ్ నంబరును అయిదు ఎక్కువ, అయిదు తక్కువతో మళ్ళీ మళ్ళీ నడపండి. "నిండే ఏళ్ళు పదింటిలో నాలుగు నుంచి రెండుకో, ఒకటికో తగ్గుతాయి" అని చెప్పగలిగితే చాలు, గ్రామసభ నిర్ణయం తీసుకోగలదు. అంచనాలను మార్చినప్పుడల్లా జవాబు తలకిందులవుతుంటే, నిర్ణయం కన్నా ముందు కొలత అవసరమని అర్థం. ఏ సంఖ్య మారితే తలకిందులవుతోందో దాన్నే కొలవండి.

పెద్ద సాఫ్ట్‌వేర్‌కు ఎప్పుడు వెళ్ళాలి?

స్ప్రెడ్‌షీట్ పద్దు ముగిసి, పరీక్షకు నిలిచిన తరువాతే. భూవినియోగం మార్పుల ప్రభావం చూడాలంటే స్వాట్, పలు ఊళ్ళ మధ్య పంపకాల నియమాలను పోల్చాలంటే వీప్, భూగర్భ ప్రవాహం దిశ కావాలంటే మోడ్‌ఫ్లో. స్వాట్‌ను మొదటిసారి నడిపేవారు ఒకటి గమనించాలి: దాని సహజ అమరికలో పైభాగపు భూగర్భ పొర నుంచి నదికి ఊట పారుతూ ఉంటుంది. వేసవిలో మీ మోడల్ వంకలో సన్నగా నీరు పారుతూ కనిపిస్తే, నిజంగా ఆ వంక ఏప్రిల్‌లో ఎండి ఉంటే, ఊట మొదలయ్యే మట్టపు పరిమితిని పెంచి, పంపింగును చేర్చి, ఆ పారకం ఆగేదాకా సర్దుబాటు చేయండి. ఆ తరువాత స్వాట్ ఇచ్చిన ఏడాది మొత్తాలను మీ స్ప్రెడ్‌షీట్ మొత్తాల పక్కన పెట్టండి. రెండూ బాగా తేడా పడితే, కారణం తెలిసేదాకా రెండింటిలో దేన్నీ పంచాయతీకి చూపించవద్దు.